ఐదో మంచం రాజ్యం

"నన్నొదిలెయ్ తల్లీ, ఇక నావల్ల కాదు," అంటూ హరనాథబాబు ఐదో మంచం దిగి చెప్పులు వెతుక్కున్నాడు.

"గిట్ల జేస్తే ఎట్ల సార్? నాలుగు గంటలు కండ్లు మూస్కుంటే అయిపాయె," అంది నర్సు మంజుల, చేతిలో సూది పట్టుకుని.

బాన్సువాడ దవాఖానాలో డయాలసిస్ వార్డు అది. వారానికి మూడు రోజులు మిషనుకు కట్టేసినట్టు పడుకోవాలి. రెండుసార్లు పడుకున్నాడు. ఫ్యాను తిరగడం చూడటం తప్ప పనేం లేదు.

"మానేస్తే ఎన్నాళ్లుంటాను?"

"పది దినాలు. మస్తయితే పదిహేను."

"చాల్లే. నాకోసం ఏడ్చేవాడెవడున్నాడు గనక."

అబద్ధం కాదు. భార్య పోయి ఆరేళ్లు. బీర్కూర్‌లో ఉన్న తమ్ముళ్లతో పొలం పంపకాలప్పుడే మాటలు తెగాయి. మిగిలింది బస్టాండు వెనక మోటార్లకు వైండింగు చేసే కొట్టు.

అప్పుడొచ్చింది ఆవిడ. తండా మనిషి, నలభై ఏళ్లుంటాయి. చేతిలో పెద్ద ఫోను.

"అన్నా, గిండ్ల ఏందో రాసొచ్చింది. జర సదివి చెప్పరాదె?"

ఆరో తరగతిలో బడి మానేసినవాణ్ని చదివిపెట్టమని అడిగేవాళ్లు అరుదు. విసుక్కుంటూనే తీసుకుని పైకి చదివాడు.

"రాజా! గాదెలు ఖాళీ అయ్యాయి. ప్రజలు వలస పోతున్నారు. తమ ఆజ్ఞ?"

"ఏంటమ్మా ఈ గోల?"

"ఆట అన్నా. పాతకాలం రాజుల ఆట. మా ఇంటాయన ఫోన్. నాకు సదువు రాదు. పాపం జనం పోతుండ్రట గద, జర ఆపుండ్రి."

తెర మీద ఎప్పటిదో ఊరు. మట్టికోట, ఎండిన చెరువు, ఇరవై గుడిసెలు. చీమలంత మనుషులు మూటలు నెత్తిన పెట్టుకుని కోట దాటిపోతున్నారు.

ఏదో నొక్కాడు. చెరువులోకి నీళ్లు మళ్లాయి. ఇద్దరు మూటలు దించారు.

హరనాథబాబు మంచం అంచున కూర్చున్నాడు.

"కుడిచేత్తోని ఆడుండ్రి సార్," అంటూ మంజుల అతని ఎడమ చేయి అందుకుంది.

పిల్లకాయల వ్యవహారం అనుకున్నాడు ముందు. రాతికోట కడదామంటే రాయి లేదు. రాయి కొట్టాలంటే కూలీలు, కూలీలకి గింజలు, గింజలకి నీళ్లు. నీళ్ల దగ్గరికొచ్చేసరికి మనసు కుదిరింది. బతుకంతా నీళ్ల మోటార్లతోనే గడిచింది.

మిషను కూత పెట్టింది.

"అయిపాయె సార్, లేవుండ్రి."

"ఉండమ్మా! ఉత్తరం వైపు శత్రువు డేరాలేశాడు!"

వార్డంతా నవ్వింది. తండా ఆవిడ మాత్రం నవ్వకుండా ఫోను తీసుకుంది. "బుధవారం సూద్దాం తియ్యన్నా. అప్పటిదాంక నేను కాపలుంట."

అతనిది బటన్ ఫోను. ఆట కావాలంటే దవాఖానాకే రావాలి.

వచ్చాడు. బుధవారం, శుక్రవారం, మళ్లీ సోమవారం. కొట్లో రాగితీగ చుడుతూ ఎన్ని గుర్రాలు కావాలో ఆలోచించేవాడు. గదికెళితే తన రాజ్యం సంగతి చెప్పుకోడానికి ఎవరూ లేరు. తలుపేసుకుని గోడకు చెప్పుకునేవాడు.

ఆవిడ పేరు దేవీబాయి. స్టూలు లాక్కుని పక్కనే కూర్చునేది.

"దండు పెంచెటందుకు ముందుగాల గింజలు దాపెట్టరాదె అన్నా?"

"అక్షరమ్ముక్క రానిదానివి, రాజ్యాలు నీకెందుకు? వెళ్లి మీ ఆయన్ని చూసుకో పో."

నాలుగో మంచానికి పరదా కట్టి ఉండేది. ఆమె భర్త అందులోనే కాబోలు.

"ఆయన పండుకుండన్నా," అనేది దేవీబాయి, కదలకుండా.

ఒకసారి ఆమె మాట వినక దండు పెంచాడు. కరువొచ్చి కోట పోయింది. ఫోను దుప్పటి మీదికి గిరాటేశాడు.

"నీ మొహం చూస్తూ ఆడితే ఇంతే!"

"మల్ల కడుదాం తియ్యన్నా. ఎల్లుండి ఉండనే ఉన్నది గద."

మూడు నెలల్లో ఒక్క రోజూ తప్పలేదు. మనిషి తేరుకున్నాడని డాక్టరన్నాడు. ఆ శుక్రవారం శత్రువు డేరాలెత్తి వెళ్లిపోయాడు.

"గెలిచినమా అన్నా?"

"గెలిచినమా ఏంటి? గెలిచింది నేను."

దేవీబాయి నవ్వి, బస్సు టైమైందని లేచింది.

సోమవారం స్టూలు ఖాళీ. అతను గుమ్మం వైపు పదిసార్లు చూశాడు.

మంజుల వచ్చి ఫోను, ఒక చీటీ చేతిలో పెట్టింది. "దేవక్క మీకియ్యమన్నది. తండోళ్లందరు చెరుకు కొట్టుడుకు మహారాష్ట్ర పోయిండ్రు. ఎండాకాలం దాంక రారు."

గుండ్రటి అక్షరాలు. "అన్నా, గాదె ఎప్పుడూ నిండుగా ఉంచండి. ఒక్క రోజు కూడా తప్పవద్దు."

"ఎవరిచేత రాయించింది?"

"రాయించుడేంది? నా ముంగటనే రాసింది. పది పాసైన మనిషి."

హరనాథబాబు చీటీ మళ్లీ చదివాడు. తర్వాత నాలుగో మంచం కేసి చూశాడు.

"మరి ఆయన్ని ఎవరు చూసుకుంటారు?"

"గోవర్ధన్ కాకనా? ఆయన కొడుకు సూస్కుంటడు. దేవక్కకు ఆయనకు ఏం సంబంధం?"

"మరి ఆవిడ భర్త?"

"మోతీరామన్న. గీ ఐదో మంచమే ఆయనది. పొద్దు పోతలేదని, పండుకునుడు నాతోని కాదని సూదులు గుంజేసుకొని ఇంటికి వోయిండు. పదకొండో దినం పానం పోయింది. మీరు చెప్పులు దేవులాడుకున్నరు సూడు, ఆ పొద్దు ఆయన కాయితాల కోసమొచ్చింది ఆమె."

"మూడు నెలలు... బస్సులు పట్టుకుని... మరి ఎవరి కోసం వచ్చిందమ్మా?"

"ఎవరి కోసమేంది సార్? గీ వార్డుల ఆమెకు మీరొక్కరే పేషెంట్."