చలి చేసే బోణీ

ఆ ఏటి మంచుకు అడవిలో చెట్లే కొంకర్లు పోయాయి. చలికి సొంత గొంతు లేదు. ఎవరిని చంపితే వాళ్ల గొంతు అరువు తెచ్చుకుని, తెల్లారగానే కొట్టు తలుపు తట్టి "బోణీ చెయ్యనా?" అంటుంది. తొలి బేరాన్ని పొమ్మనే వ్యాపారి ఎక్కడుంటాడు? గడ్డి అమ్మే కుందేలు అలాగే తలుపు తీసి, తక్కెడ పట్టుకున్నది పట్టుకున్నట్టే బిగుసుకుపోయింది.

మర్నాడు తెల్లారకముందే పక్కకొట్టు ముళ్లపంది ఉడుత దగ్గరికొచ్చి, దుంప ఇచ్చి గింజలు కొంది. "నీ బోణీ అయిపోయింది వదినా. ఇక ఎవరొచ్చినా పొమ్మను. నువ్వూ వచ్చి నాకు చెయ్యి, మరవకు."

"ఇదిగో, వెనకాలే వస్తా," అంది ఉడుత. కానీ లోపల వెచ్చగా ఉంది. కాసేపు ఆగుదామనుకుంది.

అంతలో తలుపవతల కుందేలు గొంతు. "బోణీ చెయ్యనా, ఉడుతమ్మా?"

"అయిపోయింది, పో!"

"సంతోషం. మరి ముళ్లపందికి ఎవరు చేశారు?"

ఉడుత గడియ మీద చెయ్యి వేసింది. తియ్యలేకపోయింది. పక్కకొట్టు తలుపు కిర్రుమంది.

ఆ మర్నాడు తెల్లారగానే ఎవరో తలుపు తట్టారు.

"వదినా," అంది ముళ్లపంది గొంతు, "ఇవాళ నీకింకా బోణీ కాలేదు కదూ?"