మసక ఎరుపు

“ఎరుపుని ఎందుకంత తగ్గించావు?” అడిగింది సోల్వై.

ఐనార్ చేతిలో స్క్రూడ్రైవర్ ఆగిపోయింది. “అందంగా ఉంటుందని.”

చీకటి పడుతోంది. చేపల గిడ్డంగి తెల్లగోడ మీద లేజర్ గీతలతో ఓడ బొమ్మ వెలుగుతోంది. వెనక నుంచి చూస్తున్నట్టు గీసిన ఓడ. ఎడమవైపు ఎర్ర దీపం, కుడివైపు పచ్చ దీపం. ఎలా ఉండాలో అలాగే ఉంది.

నిరుడు అలా లేదు. శరదృతువు పండుగలో ఆ దీపాలు తారుమారయ్యాయి. ఆ నార్వే రేవు ఊళ్ళో బడికి పోని పిల్లలకి కూడా తెలుసు, పడవకి ఎడమవైపు ఎరుపని. జనమంతా పగలబడి నవ్వారు.

“నువ్వుండి కూడా ఇదేంట్రా, ఐనార్?” అని ముసలి జాలరి హోకన్ అతని వీపు చరిచాడు.

“బొమ్మ గీసింది సోల్వై” అన్నాడు ఐనార్.

ఆ ఒక్క మాటతో సోల్వై తామిద్దరూ ఉన్న లేజర్ బొమ్మల క్లబ్బుకి రావడం మానేసింది. ఆమె చేపల దుకాణానికి వచ్చినవాళ్ళు మాత్రం వదల్లేదు. “కుడిచేత్తో ఇస్తున్నావా తల్లీ, ఎడమచేత్తోనా? నీకు తెలిస్తేగా!”

బొమ్మలో తప్పు లేదు. ప్రొజెక్టర్ లోపల రెండు తీగలు మార్చి అతికించింది ఐనారే. మర్నాడు విప్పి మీటరు పెట్టి చూస్తే తెలిసింది. చెప్పడానికి నోరు రాలేదు. ఆ దుకాణం ముందు నుంచి నడవడమే మానుకున్నాడు.

ఈ ఏడాది ఆ చవక ప్రొజెక్టర్‌ని మళ్ళీ విప్పాడు. దానికి నిండుగా వెలగడం, ఆరిపోవడం తప్ప మూడోది తెలియదు. ఒక్కో రంగు వెలుగునీ పెంచి తగ్గించే సర్క్యూట్ కట్టి, పైన మూడు నాబ్‌లు బిగించాడు. ఆ తర్వాత సిగ్గు చంపుకుని దుకాణానికి వెళ్ళాడు. “ఈసారి కూడా బొమ్మ నువ్వే గియ్యాలి.”

అందుకే ఆమె ఇప్పుడు ఇక్కడుంది. నాబ్‌ల వైపే చూస్తోంది.

సోల్వై ల్యాప్‌టాప్‌ని తన ముందుకి లాక్కుంది. గోడ మీద ఓడ మాయమై రెండు చుక్కలు మిగిలాయి. ఎడమది మసగ్గా, కుడిది నిండుగా.

“వీటిలో ఎరుపేది?”

“ఎడమది.”

“రెండూ పచ్చవే, ఐనార్.”

అతను తల దించుకున్నాడు.

“ఎన్నాళ్ళ నుంచి?”

“పుట్టినప్పటి నుంచి.”

“మరి ఏటేటా నీ కళ్ళు పరీక్షించే డాక్టరు?”

“ఆవిడ చూపించే రంగు చుక్కల పుస్తకం నాకు కంఠతా వచ్చు.”

సోల్వై ల్యాప్‌టాప్ మూత దించింది. “చెప్పెయ్. ఇవాళే, అందరి ముందూ.”

“చెప్తాను.”

రేవు నిండాక ఐనార్ మైకు అందుకున్నాడు. “నిరుడు తప్పు సోల్వైది కాదు. తీగలు మార్చింది నేను. ఆమె మీదికి తోసింది కూడా నేనే. సిగ్గుగా ఉంది.”

చప్పట్లు మోగిపోయాయి. “అదీ మనిషంటే!” అంటూ హోకన్ అతని చేతిలో వేడి వాఫుల్ అట్టు పెట్టాడు. జనం సోల్వై చుట్టూ చేరి చేతులు కలిపారు.

సోల్వై మాత్రం చప్పట్లు కొట్టలేదు. అందర్నీ తప్పించుకుని అతని దగ్గరికి వచ్చింది.

“మిగతాది?”

“రేపు. ఒట్టు.” అతను ఆమె ముఖం చూడలేకపోయాడు.

“రేపు మధ్యాహ్నం దాకా చూస్తాను. ఆ తర్వాత నేనే చెప్తాను.”

కూతురి చెయ్యి పట్టుకుని ఆమె బస్టాండు వైపు నడిచింది.

“మనిల్లు అవతలి ఒడ్డునేగా అమ్మా! బస్సులో చుట్టూ తిరిగి పోవడమేంటి?” పిల్ల గునిసింది.

“నడువు.”

రేవులో హారన్ మోగింది.

వాఫుల్ సగంలోనే వదిలేసి, జేబులోని టోపీ తీసి తలకి పెట్టుకుని, ఎర్రదీపాలూ పచ్చదీపాలూ వెలుగుతున్న నీళ్ళ మీదుగా జనంతో నిండిన ఫెర్రీని అవతలి ఒడ్డుకి నడపడానికి మెట్లెక్కాడు కెప్టెన్ ఐనార్.