రేణుక సాక్ష్యం

ఎవరి దుఃఖాన్ని ఎప్పుడు ఆపాలో జట్టును నడిపించే మనిషికి ఎట్లా తెలుస్తుంది? జనగామ నుంచి సువార్త జట్టును తొలిసారి తీసుకెళ్లినప్పటి నుంచీ ఈ ప్రశ్న నా వెంటే ఉంది.

ఊరూరా పాటలయ్యాక జట్టులోని రేణుకను సాక్ష్యానికి పిలిచేదాన్ని. జ్వరంతో పోయిన కొడుకు గురించి, దేవుడు తనను ఓదార్చిన తీరు గురించి ఆమె చెప్పేది. చెబుతున్నంతసేపూ జనం వెనక ఖాళీ జాగావైపే చూసేది. చివరికి ఏడ్చేది.

కొత్తగూడలో ఆమె లేవబోతుంటే చెయ్యి పట్టి ఆపాను.

"ఇయ్యాల నువ్వు చెప్పకు చెల్లే. ఎన్నిసార్లని ఏడుస్తవ్?"

"గట్లనే అక్కా," అని కూర్చుంది. ఆమె బదులు నేనే నా సాక్ష్యం చెప్పాను. నడిపించడమంటే ఇదే కదా అనుకున్నాను.

తిరుగు ప్రయాణంలో, జీపులో, రేణుక మెల్లగా అంది:

"నేను చెప్తుంటే వాడు వచ్చి జనం ఎనుక నిలబడుతడక్కా. ఇయ్యాల సుత వచ్చిండు. నా దిక్కు సూసి సూసి, అలిగి పోయిండు."

ఏళ్లయింది. ఇవాళ భూపాలపల్లిలో పాటలు అయిపోయాయి. రేణుక నావైపే చూస్తోంది. కొన్నిసార్లు పిలుస్తాను, కొన్నిసార్లు పిలవను. ఏది దయో నాకింకా తేలలేదు.