దిమ్మలో మోత

పెద్దిరాజు ఇనుముతో మాట్లాడతాడని అబుదాబి ముసఫ్ఫా వర్క్‌షాపులో అందరూ నవ్వేవారు. ఇనుము బదులిచ్చింది మాత్రం 2006లో, ఒక్క రాత్రే.

ఆ రాత్రి మందపాటి ఇనుప దిమ్మకు కోబాల్ట్ డ్రిల్ బిట్‌తో లోతైన రంధ్రం వేస్తున్నాడు. బావమరిది వాసు పక్కనే నూనె పోస్తున్నాడు. ఇనుప పొట్టు దులపడానికి పెద్దిరాజు బిట్‌ను పైకెత్తి, మిషన్ ఆపాడు. తొలిచే మోత మాత్రం ఆగలేదు.

"ఒరే వాసూ, ఆ పక్క మిషన్ కూడా ఖలాస్ చెయ్యి, ఆపెయ్."

"అది చెడిపోయి వారమైంది బావా."

మోత దిమ్మలోంచే వస్తోంది. బిట్ ఎంతవరకూ దిగిందో తెలియడానికి దిమ్మ అడుగున అరచెయ్యి ఆనించి చూడటం పెద్దిరాజు అలవాటు. ఇప్పుడూ ఆనించాడు. రంధ్రం సగం కూడా కాలేదు, అడుగు కాలిపోతోంది.

"చెయ్యి తియ్యి బావా."

"లాగుతూనే ఉన్నాన్రా. వదలట్లేదు."

లోపల మోత కిందికి దిగుతోంది.