మడుగు ఒడ్డున పొంచే చోటు

తల్లి వేరుపెట్టిన కుర్రచిరుత ఆ సాయంత్రం మొదటిసారి ఒంటరిగా జింకలవేటకు బయలుదేరింది. మోదుగుపూలు ఎర్రగా రాలుతుంటే అడవంతా తన కోసమే ముస్తాబైనట్టు అనిపించింది దానికి. అడవి అందరిదీ అని తల్లి చెప్పే పంపింది మరి.

మడుగు ఒడ్డున పొదలో పొంచబోతే ముసలిపులి గుర్రుమంది.

"ఏరా అబ్బీ, ఆ మద్దిచెట్టు మీద నా గోళ్ల గీతలు నీ కళ్లకు ఆనలేదా?"

"అడవి అందరిదీ కదా, పెద్దయ్యా?"

"అందరిదీనే. ఈ పొద మాత్రం నాది. కొత్తవాడివి, పాపం, ఆ గుట్ట అవతలికి పో. అక్కడ ఇసకేస్తే రాలనన్ని జింకలుంటాయి."

కుర్రచిరుత నమ్మి పోయింది. గుట్ట అవతల రాళ్లూ ముళ్లకంపా తప్ప జింక అడుగుజాడైనా లేదు. మర్నాడంతా వెతికి, పస్తుండి, ఆకలికంటే ఎక్కువగా మండే కోపంతో మడుగు దగ్గరకు తిరిగొచ్చింది.

అప్పుడే జింకలు నీళ్లకు దిగుతున్నాయి. పులి ఒళ్లు కూడదీసుకుని దూకబోతోంది. కుర్రచిరుత పొదకు ఎదురుగా నిలబడి గట్టిగా అరిచింది. చెట్టుమీది కొండముచ్చు ఆ అరుపు విని కేకపెట్టింది. జింకలన్నీ ఒక్క ఉదుటున పరుగెత్తాయి.

"నోటికాడి కూడు చెడగొట్టావు కదరా పాపిష్టోడా," అంది పులి.

"రేపూ వస్తా, ఎల్లుండీ వస్తా. నువ్వు పొంచినప్పుడల్లా అరుస్తా," అంది కుర్రచిరుత. "పొదలో చోటిస్తావా, నాతోపాటు పస్తుంటావా?"

పులి చాలాసేపు పళ్లు కొరికింది. తర్వాత కాస్త పక్కకు జరిగింది.