ఖాళీ గొట్టం

"మళ్లీ లేచిందేమిటి?" ల్యాబ్ మేడమ్ గొంతు కరుకుగా ఉంది.

తెర మీద రోగుల గీతలు పడగలెత్తినట్టు పైకి లేచాయి. అది మామూలే. వాటి మధ్య నల్లగీత కూడా లేచి నిలబడింది. అది ఖాళీ గొట్టానిది. అందులో నీళ్లు తప్ప ఏమీ ఉండకూడదు.

పరీక్షలు చేసే అమ్మాయి గొట్టాల వరుస మళ్లీ సరిచూసుకుంది. ఈ వారంలో ఇది నాలుగోసారి.

వాళ్లు రోగుల ఉమ్ములో వెతికేది ఒక ఆర్‌ఎన్‌ఏని. అది ప్రొటీన్ తయారు చేయదని, దండగమారిదని ఒకప్పుడు వదిలేశారు. తీరా చూస్తే తాను వండదు గానీ పొయ్యి ఎగదోస్తుంది. కడుపులో క్యాన్సర్ ముదిరేకొద్దీ అదీ పెరుగుతుంది; అది ఉన్న గొట్టం గీతే తెర మీద పైకి లేస్తుంది.

ఒకవేళ తన నోటి నుంచే పడుతోందా? అమ్మాయి మాస్కు మీద ఇంకో మాస్కు బిగించి, ఊపిరి బిగబట్టి, మళ్లీ మొదలుపెట్టింది.

"అలా కాదమ్మా!" మేడమ్ తన మాస్కు గడ్డం కిందికి లాగి, మూతలు తీసిన గొట్టాల మీదికి వంగి, మళ్లీ మొదటి నుంచి నేర్పింది. మధ్యలో జేబులోంచి గ్యాస్ మాత్ర తీసి చప్పరించింది. "నువ్వొచ్చినప్పటి నుంచీ నాకు కడుపులో మంటే. అన్నం కూడా సయించడం లేదు."

అయిదోసారీ నల్లగీత లేచింది.

"రేపూ ఇంతే అయితే ఎల్లుండి నుంచి రానక్కర్లేదు."

గాజుసామాను కడిగే అవ్వ నవ్వింది. "ఖాళీ కొంపలో దీపం వెలిగిందంటే ఎవరో ఉన్నట్టే కదే, పిచ్చుకా."

"భయపెట్టకవ్వా. నీళ్లు మార్చాను, చేతి తొడుగులు మార్చాను. ఇక మార్చాల్సింది నన్నే."

మర్నాడు పొద్దున మేడమ్ మీటింగుకి వెళ్లింది. అమ్మాయి అవే నీళ్లు, అవే తొడుగులు, అవే రెండు మాస్కులతో ఒక్కతే కూర్చుంది. రోగుల గీతలు లేచాయి. నల్లగీత చాప మీద పసిబిడ్డలా అడుగున పడుకుంది.

ఉద్యోగం నిలిచింది! అమ్మాయి ఎగిరి గంతేసినంత పని చేసింది.

మధ్యాహ్నం మేడమ్ వచ్చి తెర చూసి మురిసిపోయింది. "చూశావా, నేర్పితే ఎందుకు రాదు! నిన్నటికీ ఇవాళ్టికీ ఏం తేడా? చెప్పు, పుస్తకంలో రాయాలి."

"అన్నీ అవే, మేడమ్."

"ఏదో ఒకటి మారే ఉంటుంది కదమ్మా." మేడమ్ ఇంకో మాత్ర నోట్లో వేసుకుంది.

అమ్మాయి ఆ మాత్రల అట్ట వంక చూసింది. అందులో ఒక్కటే మిగిలింది. నవ్వు మెల్లగా ఆరిపోయింది.

"ఇవాళ మీరు లేరు, మేడమ్."