బయ్యన్న అరుగు

“ఆ అరుగు మీద మటుకు ఎవురూ కూచోకుండా చూడప్పా” అంది బయమ్మ. పొద్దుటి నుంచి కొడుకుతో ఆమె ఈ మాట అనడం ఇది నాలుగోసారి.

“మూడు దినాలు నోరు మూసుకోమ్మా. నీకు దండం పెడతా” అన్నాడు కిరణ్.

కంబదూరుకు అవతల, ఆటో కూడా రాని చోట వాళ్ల ఐదెకరాల మెట్టచేను. బెంగళూరు నుంచి ముప్పై మంది వచ్చి అక్కడ దిగారు. ‘ఆరుబయట ప్రకృతి, కళల సదస్సు’ అని రాసిన గుడ్డ వేపచెట్టుకు కట్టారు. పిట్టల్ని గుర్తుపట్టడం, చెట్లను చూసి బొమ్మలు గీయడం, మట్టి గురించి ఉపన్యాసాలు. చోటు నచ్చితే పదేళ్లకు కౌలుకు తీసుకుంటామన్నారు. అది తప్పిపోతే కిరణ్ బెంగళూరు వెళ్లి ఏదో అపార్టుమెంటు గేటు దగ్గర కూర్చోవాలి. ఆ సంగతి బయమ్మకూ తెలుసు. అందుకే మూడు రోజులకు సరేనంది.

వేపచెట్టు కింద మోకాలెత్తు అరుగు ఉంది. రాళ్లు పేర్చి మట్టి మెత్తింది. కిరణ్ ముందురోజే దాన్ని పేడతో అలికాడు. మైకు పెట్టడానికి అడ్డమని ఒక కొసనున్న రాయి పెరికేశాడు.

సదస్సు నడిపే హరినాథ్ నెల కిందట చేను చూడటానికి వచ్చినప్పుడే దాని దగ్గర ఆగిపోయాడు.

“ఈ అరుగు ఎవరిది?”

“మా నాయనది సార్” అన్నాడు కిరణ్.

హరినాథ్ మురిసిపోయాడు. “రైతు తన చేనును చూసుకోవడానికి కట్టుకున్న సింహాసనం! మన వేదిక ఇదే. ఆయన ఎక్కడ?”

“ఈడే ఉంటాడు సార్. చేను ఇడ్సి యాడికీ పోడు.”

బయమ్మ కొడుకు వైపు చూసింది. కొడుకు ఆమె వైపు చూడలేదు.

కిరణ్ తండ్రి బయ్యన్న మొండితనం ఆ చుట్టుపక్కల అందరూ ఎరిగిందే. ఆరు బోర్లు ఎండినా, పక్క చేలవాళ్లు ఒక్కొక్కరూ సోలారు కంపెనీకి రాసిచ్చినా, సెంటు కూడా ఇవ్వనన్నాడు.

మొదటి రోజు, బొమ్మలు నేర్పే ఐశ్వర్య అరుగు మీద కాళ్లు బారజాపి కూర్చుంది. మజ్జిగ ఇస్తూ బయమ్మ అంది, “ఈ పక్క చాప ఏస్తా, రా పాపా.”

“ఇక్కడే చల్లగా ఉంది అమ్మమ్మా. ఏం, తాత కోప్పడతాడా?”

“కోపమొచ్చినా ఏమంటాడులే.”

“అబ్బ, ఎంత మంచి తాత! మా ఇంట్లోనూ ఒకాయన ఉన్నాడు, ఎందుకూ!” అంది ఐశ్వర్య. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. బయమ్మ ఖాళీ గ్లాసులు ఏరుకుని వెళ్లిపోయింది.

రెండో రోజు పొద్దున్నే బయమ్మ అరుగు అంచున బీడీకట్ట పెట్టింది. కిరణ్ పరుగున వచ్చి దాన్ని తీసి జేబులో వేసుకున్నాడు.

“ఇప్పుడు బీడీలే తక్కువయ్యిండాయా నాయనకు?”

“దినామూ పెట్టేదే కదరా.”

“ఈ రెండు దినాలు మానుకో. వాళ్లు చూస్తే ఏమనుకుంటారు?”

ఆ రోజు మట్టిబొమ్మల పాఠం. బంకమన్ను అరుగు మీద కుప్ప పోసి, నీళ్లు చల్లి, పదిమంది చేతులు పట్టుకుని పాటలు పాడుతూ తొక్కారు. బయమ్మ పొయ్యి దగ్గర అరుగు వైపు వీపు పెట్టి కూర్చుంది. పప్పు మాడింది. ఆమె వంట మాడడం ఎవరూ ఎరగరు.

సాయంత్రం ఐశ్వర్య ఒక కాగితం మీద బొమ్మ గీసి చూపించింది. అరుగును నడుమెత్తు లేపి, సిమెంటు పోసి, చుట్టూ మెట్లు కడతారట. శాశ్వత వేదిక.

“కౌలు ఖాయం చేసుకో కిరణ్” అని హరినాథ్ భుజం తట్టాడు.

అందరూ గుడారాల్లోకి వెళ్లాక బయమ్మ కొడుకును అడిగింది, “సిమెంటు పోస్తారంటనే?”

“పోస్తే గట్టిగా ఉంటాదిలేమ్మా. వానకు కరగదు.”

“వాన యాడొచ్చిందిరా, కరిగేకి?”

కిరణ్ గుడారాల వైపు నడిచాడు.

మూడో రోజు ముగింపు సభ. హరినాథ్ చెప్పులు విప్పి అరుగెక్కాడు. మట్టిని పాదాలతో తాకితేనే అర్థమవుతుందన్నాడు. మడమతో రెండుసార్లు గట్టిగా తట్టి చూపించాడు.

“రైతు మట్టిని వదలడు. మట్టి రైతును వదలదు” అన్నాడు. చప్పట్లు మోగాయి.

తర్వాత సంచిలోంచి జరీ శాలువా తీశాడు. “ఈ చేను యజమాని బయ్యన్నగారిని వేదిక మీదికి పిలుస్తున్నాను. మూడు రోజులైంది, ఒక్కసారి కూడా మాకు కనిపించలేదు. మొహమాటస్తుడు అనుకుంటా.”

“నాయన రాడులే సార్” కిరణ్ గబగబా ముందుకొచ్చాడు. “నాకియ్యండి, నేనిస్తా.”

“కాదు కాదు. ఆయనకే కప్పాలి. అందరూ పిలవండి, ఎందుకు రారో చూద్దాం!”

ముప్పై గొంతులు ఒక్కసారి లేచాయి. “బయ్యన్నగారూ! బయ్యన్నగారూ!”

ఐశ్వర్య నోటి చుట్టూ చేతులు పెట్టుకుని, “తాతా, రావా!” అని అరిచింది.

బయమ్మ చేతిలోని చెంబు కింద పెట్టింది. కొంగుకు చేతులు తుడుచుకుని అరుగు వైపు నడిచింది. కిరణ్ ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

“అమ్మా, వద్దు. కౌలు పోతాది.”

ఆమె చెయ్యి విడిపించుకుంది. హరినాథ్ చేతిలోంచి శాలువా తీసుకుంది.

“దిగు సార్.”

హరినాథ్ ఏమీ అర్థంకాక దిగాడు. బయమ్మ శాలువా మడతలు విప్పి, అరుగు ఈ కొస నుంచి ఆ కొస దాకా కప్పి, ముడతలు చేత్తో సరిచేసింది.

“రెండేండ్ల కిందట ఈడనే పూడ్చినాము సార్” అంది, “మూడు దినాలుగా ఆయప్ప రొమ్ము మీద నిలబడి ఆయప్పనే పిలుస్తాండారు.”